నలభై పలక ముక్కలు

ఒకటో తరగతికి కొత్తగా వచ్చే టీచర్లకు నేను మొదట చెప్పేది పిల్లల మనస్తత్వం గురించి కాదు. బడిలో బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కోండి. మిగతా విద్యలన్నీ దాని తర్వాతే.

నేను మొదట పనిచేసింది గిద్దలూరు దగ్గర ఒక ఊళ్లో. చేరిన ఏడాదే పైనుంచి ఒక రేకు పెట్టె వచ్చింది. లోపల ప్లాస్టిక్ అక్షరాలు, చెక్క పూసలు, బొమ్మల అట్టలు. పిల్లలు చేత్తో పట్టుకుని, పేర్చి, మాటలు కట్టడం నేర్చుకోవాలని పంపిన సామాను. మా హెడ్మాస్టరు గారు అందినట్టు సంతకం చేసి, పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేశారు.

"సార్, పిల్లలకు ఇద్దాం" అన్నాను.

"ఇస్తే పోతాయమ్మా. ఒక్క 'క' పోయినా జవాబు చెప్పాల్సింది నేను. నా రిటైర్మెంటు దగ్గర పడింది."

ఆయన చెడ్డవాడు కాదు. ప్రతి దసరాకు ఆ పెట్టెను బయటికి తీసి, తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి, టెంకాయ కొట్టి, మళ్లీ లోపల పెట్టేవారు. పిల్లలు వరుసగా వచ్చి దండం పెట్టుకునేవాళ్లు. ఆ పెట్టెకూ పిల్లలకూ ఉన్న సంబంధం అంతే. ఆయన రిటైరయిన రోజు కొత్తాయనకు అప్పగిస్తూ లెక్క చూశాం. ఒక్క అక్షరం పోలేదు. ఐదో తరగతికి వచ్చి కూడా చదవలేని పిల్లలు ఎందరున్నారో ఎవరూ అడగలేదు. వాళ్లు స్టాకులోకి రారు.

రాయి సంగతి

ఆ తర్వాత నేను పెట్టెల కోసం ఎదురుచూడలేదు. మార్కాపురంలో పలకలు కోసే షెడ్ల వెనక విరిగిన ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. ఆదివారం బస్సెక్కి పోయి, పిల్లల అరచేతిలో పట్టేంత ముక్కలు ఏరుకొచ్చేదాన్ని. అంచులు బండ మీద అరగదీసి, మేకుతో అక్షరం గీకి, ఆ గాడిలో తెల్ల పెయింటు పూసేదాన్ని. గాడి ఎందుకంటే, కన్ను పొరబడిన చోట వేలు పొరబడదు.

షెడ్డులో పనిచేసే ఒకామె మొదటిసారి నన్ను చూసి జాలిపడింది. "ఏంది టీచరమ్మా, విరిగినయ్యి ఏరుకుంటన్నావు? గవర్నమెంటోళ్లు మంచియి కొనియ్యరా?"

"కొనిస్తారక్కా. కొనిచ్చినవి తాళంలో ఉంటాయి. ఇవైతే ఎవరూ దాచిపెట్టరు" అన్నాను.

నా మొదటి పెట్టెలో పది అక్షరాలే. ల, వ, త, క, ప, డ, మ, గ, ర, న. ఒక్కోటి నాలుగు చొప్పున నలభై ముక్కలు. ఈ పదే ఎందుకంటే, వీటితో తల, వల, పలక, నడక, మరక అని గుడీ కొమ్ములూ లేని మాటలు బోలెడు వస్తాయి. తల్లిదండ్రులకు ఇది నచ్చదు. "మావాడికి అ ఆలు కూడా రాలేదు, 'ల'తో మొదలుపెట్టినావేంది?" అని అడుగుతారు. 'అ' నుంచి 'ఱ' వరకు ఒక్క ఊపిరిలో పాడే పిల్లల్ని నేను వందల మందిని చూశాను. మధ్యలో ఒకదాన్ని చూపించి ఇదేమిటని అడిగితే మళ్లీ 'అ' దగ్గరికి పోయి పాడుకుంటూ రావాల్సిందే. నల్లమల దాటే ఎక్స్‌ప్రెస్ బస్సు లాగా మధ్యలో ఆగరు.

పని విధానం కష్టమైంది కాదు. మాటను నిదానంగా పలకమనాలి. మాట ఎన్ని ముక్కలుగా పలికితే అన్ని చప్పట్లు. ఎన్ని చప్పట్లో అన్ని పలక ముక్కలు వెతికి వరుసగా పెట్టాలి. బలపం అప్పుడే ఇవ్వకూడదు. ఐదేళ్ల బిడ్డకు బలపం పట్టుకోవడమే ఒక పెద్ద పని. ఆ పనీ, మాట కట్టే పనీ రెండూ ఒకేసారి నెత్తిన పెడితే, గీత వంకరపోయిందని ఏడుస్తుందే తప్ప మాట సంగతి మర్చిపోతుంది. ముక్కలతో ఇంకో లాభం ఉంది. రాసిన తప్పును చెరపాలి, చెరిపినా మరక మిగులుతుంది. పేర్చిన తప్పును పక్కకు జరిపితే చాలు. తప్పు చేశామని పిల్లలకు సిగ్గు కూడా వేయదు.

సాయంత్రం మాత్రం ముక్కలు లెక్కపెట్టకుండా నేను ఇంటికి పోయేదాన్ని కాదు. పోతాయని దాచకూడదు. పోయినవాటిని వెతకాలి. ఈ రెండింటికీ తేడా తెలియని వాళ్లే నాకు చాలాకాలం పై అధికారులుగా ఉన్నారు.

వ్యాను

నా చివరి బడి యర్రగొండపాలెం దాటాక, అడవి అంచున ఉండే ఊరు. నేనూ, హెడ్మాస్టరు కోటయ్య సారూ ఇద్దరమే. ఊళ్లో కందీ మిరపా పండించే రైతుల ఇళ్లు. పడమరన చెట్లలోకి కాస్త పోతే గూడెం. అక్కడివాళ్లు తేనె, చింతపండు, కుంకుడుకాయలు తెచ్చి అమ్ముకుంటారు, పని దొరికితే కూలికి వస్తారు.

ఊళ్లో వెంగమ్మ గారి మాటకు ఎదురు లేదు. పొలాలు కొడుకులవి, పెత్తనం ఆమెది. చదువు రాదు. ఆమె మనవడు జస్వంత్ నా ఒకటో తరగతిలో ఉండేవాడు. ఆ పేరు కట్టడానికి నా నలభై ముక్కలూ చాలవు. ఇంట్లో మాత్రం చిన్నోడనే పిలిచేవాళ్లు.

ఆ ఏడాది యర్రగొండపాలెం నుంచి కాన్వెంటు వ్యాను మా ఊరిదాకా రావడం మొదలుపెట్టింది. పసుపు వ్యాను, టై కట్టుకున్న పిల్లలు. వెంగమ్మ గారు మనవణ్ణి అందులో ఎక్కించాలా వద్దా అని ఆలోచనలో పడ్డారు. ఆమె ఎక్కిస్తే ఊరంతా ఎక్కిస్తుంది. ఊరి పిల్లలు పోతే మాకు గూడెం పిల్లలే మిగులుతారు. అంతమందితో బడి నడపరు. మా బడిని తీసుకుపోయి మెయిన్ రోడ్డు మీది పెద్ద బడిలో కలుపుతారు.

గూడెం నుంచి వచ్చే గురవమ్మకు ఆరేళ్లు. వాళ్లమ్మ పోతమ్మ ఒకరోజు కుంకుడుకాయల మూట నెత్తిన పెట్టుకుని బడి ముందు ఆగింది.

"బడి రోడ్డుకు పోతాదంట గదా టీచరమ్మా. నేను పంపలేను. ఆడ లారీలు తిరుగుతాయి. నేను అడివికి పోతే దీన్ని తోడుకొని పోయేదెవరు? ఈడుంటే చదువు. ఆడికి పోతే ఇంగ ఇంటికాడే."

నేను పోదని చెప్పలేదు. వెంగమ్మ గారి మనసులో ఏముందో నాకు తెలియదు కదా.

ఇన్‌స్పెక్షన్

పై అధికారి శుక్రవారం వస్తారని కబురు వచ్చింది. గురువారం నేను సెలవు. శుక్రవారం పొద్దున తరగతి తలుపు తీసేసరికి గోడకు ఒక కొత్త ప్లైవుడ్డు చెక్క వేలాడుతోంది. చుట్టూ రంగు కాగితాల దండ. దాని మీద నా నలభై ముక్కలూ గట్టి జిగురుతో అతికించి ఉన్నాయి. వరుసకు పది. నాలుగు వరుసలు. నాలుగింటిలోనూ అవే పది అక్షరాలు, అదే క్రమంలో.

కోటయ్య సారు పక్కనే నిలబడి నా ముఖం వంక చూస్తున్నారు, మెచ్చుకుంటానని.

"సార్, ఇవి కదలాలి. కదలకపోతే వీటితో పని లేదు."

"కదిలితే పోతాయి గదమ్మా. చూడు, నువ్వు రోజూ సాయంత్రం లెక్కపెట్టుకునే పని కూడా తప్పింది. కార్పెంటర్ను నిన్న దగ్గర కూర్చోబెట్టుకొని చేయించినా."

ఇంత మేలు చేసినాయన్ను ఏమనాలి? గురవమ్మ వచ్చి, రోజూ తను తీసుకునే 'మ'ను గోటితో గీకింది. రాలేదు. ఇంకో వరుసలో 'మ'ను గీకింది. అదీ రాలేదు. నా వైపు తిరిగి చూసింది. తను ఏదో తప్పు చేసినందుకు నేనే వాటిని అట్ల అతికించానని అనుకుంది కాబోలు.

అధికారి పదకొండింటికి వచ్చారు. తల్లిదండ్రుల కమిటీ తరపున వెంగమ్మ గారికి కుర్చీ వేశారు. అధికారి చెక్క ముందు నిలబడి కాసేపు చూశారు.

"నాలుగు లైన్లూ ఒకటే ఉన్నాయే?"

"రివిజన్ సార్" అన్నారు కోటయ్య సారు. "నాలుగు దఫాలు."

"గుడ్."

జస్వంత్‌ను లేపి చదవమన్నారు. వాడు చేతులు కట్టుకుని పది అక్షరాలూ రాగం తీశాడు. ఎవరూ ఆపకపోయేసరికి మళ్లీ తీశాడు. నాలుగుసార్లు అయ్యాక అధికారి చప్పట్లు కొట్టి, చెక్క పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు.

"మీ మనవడు బాగా చదువుతున్నాడమ్మా" అన్నారు వెంగమ్మ గారితో.

"చదివినాడా సారూ, పాడినాడా? కళ్లు కిటికీలో ఉడత మీద పెట్టుకొని చదివేది ఏం చదువు?"

అధికారి నవ్వి జీపెక్కారు. నా సర్వీసులో నేను చూసిన పరీక్షాధికారుల్లో పిల్లవాడి కళ్లు ఎటు ఉన్నాయో చూసింది ఆమె ఒక్కతే.

గేటు దగ్గర ఆమె నన్ను ఆపారు. "సోమవారం వ్యానును రమ్మని చెప్పినా. దాన్ని మీ బడికాడ నిలబెడతా. చిన్నోడికి వచ్చిందో లేదో నేనే చూస్తా. వస్తే బడిలోకి, రాకపోతే వ్యానులోకి."

"మీకు చదువు రాదు గదా పెద్దమ్మా, ఎట్ల చూస్తారు?"

"సోది చెప్పేదాని అబద్ధం పట్టుకోడానికి నాకు సోది రావాల్నా?" అని చెప్పి వెళ్లిపోయారు.

కలిసొచ్చిందేమంటే, మర్నాడు రెండో శనివారం. పొద్దున బస్సుకు మార్కాపురం పోయి ముక్కలు తెచ్చాను. అరగదీయడం, గీకడం ఆదివారం మధ్యాహ్నానికి అయింది. పెయింటు ఆరేసరికి సోమవారం తెల్లవారింది. నలభై.

సోమవారం

వ్యాను గేటు ముందు ఇంజను ఆపకుండా నిలబడింది. వెంగమ్మ గారు తరగతిలోకి వచ్చి నేల మీదే కూర్చున్నారు. వెనక కోటయ్య సారు.

"నేను చిన్నోడి చెవిలో ఒక మాట చెప్తా. వాడు రాళ్లు పెడతాడు. ఇంకోరు బయట ఉండి, తర్వాత వచ్చి చదవాల. నేను చెప్పిన మాటే వాళ్లూ చెప్తే వచ్చినట్టు. దొంగల్ని కూడా ఇట్ల ఇడివిడిగానే అడుగుతారు."

"అట్లే పెద్దమ్మా. బయట ఎవర్ని ఉంచాలి?"

ఆమె పిల్లలందర్నీ ఒకసారి చూశారు. "ఊళ్లో పిల్లలొద్దు, వాడికి సైగలు చేస్తారు. ఆ గూడెం పిల్లను పంపు. దానికీ వీడికీ మాటల్లేవు."

అది నిజమే. అంతకుముందు వారం జామకాయ దగ్గర ఇద్దరూ కొట్టుకున్నారు. గురవమ్మ బయటికి పోయి కుళాయి దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది. తన బడి ఉండేదీ పోయేదీ ఆ రోజే తేలుతుందని వాళ్లమ్మ చెప్పి పంపినట్టుంది. కుళాయిలో నీళ్లు కారుతున్నా చేయి పెట్టలేదు.

వెంగమ్మ గారు మనవడి చెవిలో చెప్పారు. వాడు కాసేపు పెదాలు కదిపి, తల అడ్డంగా ఊపాడు.

"రాదు అవ్వా."

బయట డ్రైవరు హారన్ కొట్టాడు.

"ఏంది రాదు?"

"బర్రె రాదు. దాంట్లో కింద ఇంకోటి తగుల్తాంది. ఆ ముక్క ఈడ లేదు."

ఆమె నా వైపు తిరిగారు. "నిజమేనా?"

"నిజమే పెద్దమ్మా. వాళ్లు ఇంకా ఒత్తులకు రాలేదు."

ఆమె మనవడి వైపు తిరిగారు. "లేనిది లేదన్నాడు. శుక్రవారం ఆ సారు అడిగింటే పాట పాడేవాడు" అని మళ్లీ వంగి ఇంకో మాట చెప్పారు.

వాడు తొడ మీద మూడు దెబ్బలు వేసుకుని, మూడు ముక్కలు ఏరి పెట్టాడు. గురవమ్మను పిలిచాం. వచ్చి, ఒక్కో గాడి మీద వేలు పెట్టింది.

"మ. డ. క." ఆగింది. తర్వాత గట్టిగా, "మడక."

మా వైపు నాగలిని మడక అనే అంటారు. ఏ వాచకంలోనూ ఉండదు. ఆ మాటను ఇద్దరిలో ఎవరూ అచ్చులో చూసి ఉండరు.

వెంగమ్మ గారి ముఖం మారలేదు. "ఇప్పుడు వాణ్ణి బయటికి పంపు. ఈ పిల్ల పెట్టాల." గురవమ్మను దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పారు.

గురవమ్మ తొడ మీద నాలుగు దెబ్బలు వేసుకుంది. నా తరగతిలో అంతవరకు ఎవరూ నాలుగు పెట్టలేదు. ప పెట్టింది. డ పెట్టింది. ఆ పక్కనే ర పెట్టింది. కోటయ్య సారు వెనకనుంచి ఖళ్లున దగ్గారు.

"సారూ, దగ్గొస్తే బయటికి పోయి దగ్గు" అన్నారు వెంగమ్మ గారు వెనక్కి తిరక్కుండానే.

ఆ పిల్ల తను పెట్టింది తనే మెల్లగా పలుక్కుంది. బాగాలేనట్టు ముఖం పెట్టింది. 'ర'ను వేలితో కాస్త అటు జరిపి, మధ్యలో 'మ' పెట్టింది. నేను చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాను. ఈ ఉద్యోగంలో అన్నింటికంటే కష్టమైన పని అదే, చేతులు వెనక ఉంచుకోవడం. శుక్రవారంలాగా ఆ 'ర' చెక్కకు అతుక్కుని ఉంటే ఆ పిల్ల చేయగలిగింది ఏమీ లేదు.

జస్వంత్ లోపలికి వచ్చి చూశాడు. "పడమర. వాళ్ల గూడెం పక్క."

"నీ ఇల్లు ఎటుందే అని అడిగినా" అని, వెంగమ్మ గారు చేయి ఆనించి లేచారు. డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చి ఉన్నాడు.

"అవ్వా, నాకు లేటయితాంది. ఎక్కుతాడా లేదా?"

"ఎక్కడు పో. ఈ ఏడుకు రావద్దు."

"ఈ ఏడాదికేనా పెద్దమ్మా?" అన్నాను.

"మళ్లా ఏడు మళ్లా చూస్తా. ఇప్పుడే రాసియ్యాల్నా?"

పోయిన మూడు

ఆ సాయంత్రం లెక్కపెడితే ముప్పై ఏడు ఉన్నాయి. పిల్లల సంచులు చూశాను, చాపలు దులిపాను. పోయినవి ఒక మ, ఒక డ, ఒక క. ఆ మూడూ ఒకేసారి పోయాయంటే ఎవరి దగ్గర ఉంటాయో తెలుసుకోవడం కష్టం కాదు.

మర్నాడు బడి వదిలాక వాళ్లింటికి పోయేసరికి వెంగమ్మ గారు అరుగు మీద ఉన్నారు. ముందు మూడు ముక్కలు. నన్ను చూసి దాచలేదు. వాటిని అటూ ఇటూ మార్చి, "ఇదేందో చదువు" అన్నారు.

"కమడ."

"అంటే?"

"అంటే ఏం లేదు. అట్లాంటి మాట లేదు పెద్దమ్మా."

"లేని మాటను నువ్వెట్ల చదివినావు?"

"ఉన్న ముక్కల్ని ఉన్నట్టు పలికినా."

ఆమె తల ఊపారు. "పొద్దున చిన్నోడు కూడా అదే చెప్పినాడు. నన్ను ఆట పట్టిస్తన్నాడేమో అనుకున్నా. నిన్ను అడిగితే తెలుస్తాదని వాణ్ణి తిట్టకుండా ఆగినా."

అంటే ఆ రోజు పరీక్ష నాది.

"ముక్కలియ్యండి పెద్దమ్మా. పెట్టెలో మూడు తక్కువ ఉన్నాయి."

"ఇయ్యను. వాడు రేపు అబద్ధమాడితే నేను దేంతో చూసుకోవాల? మార్కాపురంలో రాళ్లకు కరువా, ఇంగో మూడు చేసుకోపో" అని, మూడింటినీ కొంగున ముడివేసుకున్నారు. ఆదివారం ఇంకో మూడు చేసుకున్నాను.

ఆ నెలలోనే మా మండలం బడులన్నింటికీ కోటయ్య సారు చెక్క ఫోటో వచ్చింది. అందరూ అక్షరాలను ఇదే విధంగా అతికించి ఫోటో పంపాలట. దానివల్ల ఎన్ని బడుల్లో ఎన్ని ముక్కలు గోడకెక్కాయో నాకు తెలియదు. మా సారుకు మాత్రం శాలువా కప్పారు.

జస్వంత్ తర్వాతి ఏడాది వ్యానెక్కాడు. అప్పటికి వాడికి చదవడం వచ్చు కాబట్టి వ్యాను వాడికేమీ చెరుపు చేయలేదు. ఊరి పిల్లలు అందరూ వాడి వెంట పోలేదు. వెంగమ్మ గారి పరీక్ష సంగతి ఊళ్లో పాకింది. కొందరు తల్లులు తమ పిల్లల్నీ అదే పద్ధతిలో విడివిడిగా నిలబెట్టి అడగడం మొదలుపెట్టారు. బడి నిలిచింది. గురవమ్మ ఇప్పుడు యర్రగొండపాలెంలో హాస్టల్లో ఉండి ఎనిమిది చదువుతోంది.

నా స్థానంలో చేరిన అమ్మాయి పోయిన నెల ఫోన్ చేసింది.

"మేడం, గోడ మీద పాత ప్లైవుడ్డు చెక్క ఉంది. దాని మీద రాతి అక్షరాలున్నాయి. పిల్లలకు పనికొస్తాయేమో, ఊడదీయనా? స్టాకులో ఉంది, ఏమంటారో అని భయంగా ఉంది."

"ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు" అన్నాను.

కాసేపటికి చెప్పింది. "నలభై మేడం. ఒక్కటి కూడా పోలేదు."

"అయితే దాన్ని కదిలించొద్దు. వచ్చేవాళ్లు ఫోటో దిగడానికి ఏదో ఒకటి ఉండాలి. నువ్వు ఆదివారం సంచి తీసుకుని మార్కాపురం బస్సెక్కు. మూడు ఎక్కువే చెయ్యి."